పాటకూ ఒక సర్వీసు రిజిస్టరు ఉండాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెలరోజుల క్రితం ఫోను చేసి, "డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడేవాళ్లు నలుగురున్నారు. మీరు అమెరికా వెళ్లొచ్చారు కదా, అక్కడి విశేషం ఏదైనా చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి, వాషింగ్టన్ గురించి మన సభ్యులు ఇదివరకే ఈ వేదికమీద చెప్పారు. అంచేత నేను చూసిన మరొక సంగతి చెబుతాను. మా మనవడు తన స్నేహితులతో కలిసి ఒక స్టూడియోలో పాటల ఆల్బం తయారుచేశాడు. అది తయారైనన్నాళ్లూ నేను దగ్గరే ఉన్నాను. పాటలకూ మనకూ ఏమిటి సంబంధం అని మీరనుకోవచ్చు. కాస్త ఓపికపడితే ఈ దినోత్సవానికీ దానికీ ఉన్న సంబంధం మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 వేసవిలో నేను, మా ఆవిడ అక్కడికి వెళ్లాం. వెళ్లిన వారానికే ఇంట్లో ఒక తగువు మా ముందుకు వచ్చింది. మనవడికి 24 ఏళ్లు. చదువు పూర్తయి చిన్న ఉద్యోగంలో చేరాడు. రెండేళ్లు కూడబెట్టిన డబ్బంతా పెట్టి, ఉద్యోగానికి సెలవు పెట్టి, పాటల ఆల్బం చేస్తానంటున్నాడు. మా అబ్బాయి నన్ను పక్కకు పిలిచి, "నాన్నా, వాడు మీ మాటైతే వింటాడు. ఈ పిచ్చి మాన్పించండి" అన్నాడు. నేను మనవణ్ణి కూర్చోబెట్టి మానమనీ అనలేదు, చెయ్యమనీ అనలేదు. "ఒరేయ్ నాన్నా, ఎస్టిమేటు వేశావా?" అని అడిగాను. వెయ్యలేదన్నాడు. అయితే ముందు ఆ పని చూద్దామన్నాను. 36 ఏళ్లు గుమాస్తాగా పనిచేసినవాడు ఇంకేం చెబుతాడు!

బ్లూస్ అంటే ఏమిటి?

వాళ్లు పాడేది బ్లూస్, అకూస్టిక్ రాక్ అనే తరహా సంగీతం. నాకు తెలిసినంతలో రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తిచేలల్లో పనిచేసిన నల్లజాతి కూలీల పాటల్లోంచి, వాళ్ల చర్చి పాటల్లోంచి 19వ శతాబ్దం చివర పుట్టింది బ్లూస్. మన నాట్ల పాటల్లాగే పని కష్టాన్ని మరిపించడానికి పాడుకున్నవి దానికి మూలం. ఎక్కువగా వినబడే పద్ధతి ఒకటుంది. నాలుగేసి దెబ్బల లెక్కన 12 ఆవృత్తాలు, అంటే 48 దెబ్బలకు ఒక చరణం పూర్తవుతుంది. చరణంలో మొదటి మాట ఒకసారి చెప్పి, అదే మాట మళ్లీ చెప్పి, మూడోసారి దానికి జవాబు చెబుతారు. కొన్ని స్వరాలను సూటిగా పలకకుండా కాస్త దించి, సాగదీసి పలుకుతారు. మన గమకం తెలిసిన చెవికి అది కొత్తగా అనిపించదు. గొంతులో ఉన్న బాధంతా ఆ సాగదీతలోనే వినిపిస్తుంది.

రాక్ సంగీతానికి తల్లివేరు ఈ బ్లూసే. కరెంటుతో పనిలేని చెక్క గిటారుమీద వాయిస్తే దాన్ని అకూస్టిక్ అంటారు. మా మనవడు గిటారు వాయిస్తూ పాడతాడు. వాడి స్నేహితుడు ఒకడు హార్మోనికా ఊదుతాడు. ఇంకొక అమ్మాయి మనిషెత్తు ఉండే డబుల్ బేస్ వాయిస్తుంది. ముగ్గురూ శని, ఆదివారాలు కాఫీ హోటళ్లలో పాడుతుంటారు. ఏ కంపెనీ వెనకాల లేకుండా సొంత ఖర్చుతో, సొంత హక్కుతో తయారుచేసుకునే ఆల్బాన్ని ఇండిపెండెంట్ ఆల్బం అంటారట.

మెంఫిస్ ఈ సంగీతానికి పుణ్యక్షేత్రం లాంటిది. అక్కడ యూనియన్ ఎవెన్యూలో 706 నంబరు భవనంలో శాం ఫిలిప్స్ అనే ఆయన 1950లో ఒక చిన్న రికార్డింగు గది తెరిచాడు. డబ్బు కట్టిన ఎవరైనా వచ్చి తమ గొంతు రికార్డు చేసుకుని పట్టుకుపోవచ్చు. 1953లో ఎల్విస్ ప్రెస్లీ అనే 18 ఏళ్ల కుర్రవాడు సుమారు 4 డాలర్లు చెల్లించి రెండు పాటలు పాడుకుని వెళ్లాడు. తర్వాత ఆయన ప్రపంచమంతా తెలిసిన గాయకుడయ్యాడు. ఆ గది ఇప్పటికీ ఉంది. సన్ స్టూడియో అనే పేరుతో యాత్రికులకు చూపిస్తారు. మా మనవడు నన్ను తీసుకెళ్లి చూపించాడు. మన తాలూకా ఆఫీసు రికార్డు రూమంత గది. ప్రపంచ సంగీతాన్ని మార్చిన చోటు ఇంతేనా అనిపించింది.

ఎస్టిమేటు, ఒప్పందం

ఎస్టిమేటులో పద్దులు ఇవీ: స్టూడియో అద్దె, ఇంజనీరు జీతం, రికార్డింగు తర్వాత జరిగే మిక్సింగు, ఆ తర్వాతి మాస్టరింగు, లైసెన్సు ఫీజులు, అట్టమీది బొమ్మ, సి.డి.ల ముద్రణ, పైన పది శాతం కంటింజెన్సీ. ఇందులో లైసెన్సు ఫీజులు, కంటింజెన్సీ నేను రాయించినవి. మొత్తం కూడితే మనవడు అనుకున్నదానికంటె ఎక్కువే తేలింది. అప్పుడు ముగ్గురూ కూర్చుని 14 పాటలను 9కి కుదించారు. 9 పాటలు, సుమారు 38 నిమిషాలు. రేపు గ్రామఫోను రికార్డు వెయ్యాలన్నా ఒక్కో వైపు 20 నిమిషాల లోపే ఉంటే ధ్వని బాగుంటుందని ఇంజనీరు చెప్పాడు. స్టూడియో 5 రోజులకు మాట్లాడారు.

ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. అది కాదనలేని ప్రశ్న. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే ప్రఖ్యాత గాయకుడు అద్దె ఇంట్లో కూర్చుని మామూలు క్యాసెట్‌మీద నాలుగు ట్రాకులుగా రికార్డు చేసుకున్న పాటలే 'నెబ్రాస్కా' అనే ఆల్బంగా వచ్చాయి. తర్వాత వాద్యబృందంతో పాడి చూసినా ఆ క్యాసెట్‌లో ఉన్న జీవం రాలేదట. కానీ అక్కడ ఉన్నది ఒక్క మనిషి. ముగ్గురు ఒకేసారి వాయిస్తే ఒకరి ధ్వని మరొకరి మైకులోకి పోకుండా చూడటానికి, నిశ్శబ్దమైన గదికి, చెవి తెలిసిన ఇంజనీరుకు డబ్బు పెట్టక తప్పదని మనవడు జవాబు చెప్పాడు. నాకు సబబుగానే తోచింది.

స్టూడియోవారు ఒక అచ్చు ఫారం ఇచ్చారు. పిల్లలు చదవకుండానే సంతకాలు పెట్టబోయారు. ఆ కాగితం నేను తీసుకుని ఇంటికొచ్చి కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాను. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. రికార్డు చేసిన ఒరిజినల్ ఫైళ్లు స్టూడియో ఆధీనంలోనే ఉంటాయనీ, పాటలమీద వచ్చే ఆదాయంలో నిర్మాతగా స్టూడియోకు శాశ్వతంగా కొంత వాటా ఉంటుందనీ దాని సారాంశం. అద్దె పూర్తిగా చెల్లించే వాళ్లకు ఈ షరతు ఎందుకు? మనవడు వెళ్లి అడిగితే, "అందరికీ ఇచ్చే ఫారమే, అవసరం లేదంటే కొట్టేద్దాం" అని వాళ్లు ఆ పేరాలు రెండూ కొట్టేసి పక్కన పొడి సంతకాలు చేశారు. అడగనివాళ్లందరూ ఆ వాటా ఇస్తూనే ఉంటారన్నమాట. సంతకానికి ముందు కాగితం చదవాలని మనకు సర్వీసు నేర్పింది. పిల్లలకు ఎవరు నేర్పుతారు?

స్టూడియోలో అయిదు రోజులు

మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఒక్క పాటైనా పాడలేదు. గిటారు తీగలు ముందురోజే మార్చుకుని వచ్చారు. కొత్త తీగలు సాగి శ్రుతి నిలబడటానికి కొంత వ్యవధి కావాలట. గదిలో తేమ ఎంత ఉందో చూసే చిన్న యంత్రం గోడకు ఉంది. తేమ తగ్గితే చెక్క ఎండి బీటలిస్తుంది, పెరిగితే ఉబ్బి ధ్వని మొద్దుబారుతుంది. గిటారు నోటికి ఎదురుగా మైకు పెడితే ధ్వని గుమ్మటంలా మోగుతుంది. అంచేత మెడ, పొట్ట కలిసేచోటికి గురిచూసి ఒక అడుగు దూరంలో పెట్టారు. ఆ మైకును అంగుళం అటూ అంగుళం ఇటూ జరుపుతూ ఇంజనీరు గంటసేపు విన్నాడు. పాట మొదలయ్యేముందు ఎయిర్ కండిషనర్ ఆపేశారు. జూన్ నెల ఎండ. అందరికీ చెమటలు. నా చేతి గడియారం చప్పుడు వినబడుతోందని అది కూడా తీయించారు.

ఇప్పుడు రికార్డింగు అంతా కంప్యూటర్‌లోనే. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుందట. తప్పు వస్తే ఆ ముక్క మాత్రమే తీసి వేరే ముక్క అతికించవచ్చు. ఈ సౌకర్యంతో ఒక చిక్కుంది. ఎప్పుడైనా సరిచేయవచ్చన్న ధీమాతో ఒకే పాట ముప్పైసార్లు పాడి, ముక్కలు అతికి, చివరికి ప్రాణం లేని పాట చేసేవాళ్లు ఉంటారని ఇంజనీరు చెప్పాడు. అంచేత ముగ్గురూ ఒక నియమం పెట్టుకున్నారు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటూ కలిసి వాయించాలి. ఒక్కో పాటకు నాలుగు ప్రయత్నాలకు మించకూడదు. నాలుగింటిలో మంచిది ఏరుకోవాలి.

పూర్వం ఇంతకన్నా కఠినం. బ్లూస్‌లో మహానుభావుడు రాబర్ట్ జాన్సన్ తన జన్మలో రికార్డింగుకు కూర్చున్నది 5 రోజులే. 1936 నవంబరులో సాన్ ఆంటోనియోలో ఒక హోటలు గదిలో 3 రోజులు, 1937 జూన్‌లో డల్లాస్‌లో 2 రోజులు. ఆ 5 రోజుల్లో 29 పాటలు పాడాడు. 1938లో 27వ ఏట పోయాడు. ఇంగ్లండులో నిక్ డ్రేక్ అనే యువకుడు 1971 అక్టోబరులో రెండు రాత్రుల్లో దాదాపు ఒక్క గిటారుతోనే 'పింక్ మూన్' ఆల్బం మొత్తం పాడేశాడు. ఇంటి దగ్గర సాధన చేసి వచ్చినవాడికి స్టూడియోలో ఎక్కువ గంటలు అక్కర్లేదు. అద్దె గంటల లెక్క కనుక సాధనే పొదుపు.

మూడో రోజు మనవడి గొంతు పట్టేసింది. ఆ రోజు పాడటం మాని, హార్మోనికా ముక్కలు విడిగా రికార్డు చేసుకున్నారు. మా ఆవిడ మిరియాల పాలు కాచి ఫ్లాస్కులో పంపింది. నాలుగో రోజుకు గొంతు విడింది. ఒక మోస్తరు బొంగురు మిగిలింది. బ్లూస్‌కు అదే బాగుందని ఇంజనీరు నవ్వాడు. ఆ రోజు పాడినవే ఆల్బంలో మొదట పెట్టారు.

ప్రతి పూటా నేను ఒక నోటుపుస్తకంలో తేదీ, పాట పేరు, ఎన్నో ప్రయత్నం, ఎవరేం వాయించారు, ఏది ఎంపికైంది అన్నీ రాసి పెట్టాను. మొదట పిల్లలు నవ్వారు. అయిదో రోజున ఫలానా పాటలో రెండోది బాగుందా మూడోది బాగుందా అని వెతుక్కునేటప్పుడు నా పుస్తకమే తిరగేశారు. రోజు ముగిసేసరికి ఫైళ్లు రెండు డిస్కులమీద కాపీ తీయించేవాణ్ణి. ఒకటి ఇంటికి, ఒకటి ఆ బేస్ వాయించే అమ్మాయి ఇంటికి. ఆఫీసు కాపీ లేని ఉత్తరం మనం ఎప్పుడైనా డిస్పాచ్ చేశామా?

ఒక పాట, ఒక పనిమనిషి

ఆ తొమ్మిది పాటల్లో ఎనిమిది పిల్లలు కట్టినవి. తొమ్మిదోది 'ఫ్రైట్ ట్రైన్' అనే పాత పాట. కాగితంమీద ఆ పాట పక్కన మనవడు 'జానపదం' అని రాశాడు. కవి పేరు లేదా అంటే, "లేదు తాతయ్యా, అందరూ పాడతారు, పాత పాట" అన్నాడు. నాకు తోచక మెంఫిస్ గ్రంథాలయానికి వెళ్లి పుస్తకాలు తిరగేశాను. ఆ పాటకు కవయిత్రి ఉంది. పేరు ఎలిజబెత్ కాటన్.

ఆమె ఉత్తర కరోలినాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే ఇళ్లలో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి గిటారు కొనుక్కుంది. ఎడమచేతి వాటం కనుక గిటారును తిరగేసి పట్టుకుని, బొటనవేలితో స్వరం పలికిస్తూ తనంతట తానే నేర్చుకుంది. పన్నెండేళ్ల వయసు ప్రాంతంలో కట్టిన పాట ఇది. తర్వాత పెళ్లి, పిల్లలు, పని. గిటారు ముట్టుకోక దశాబ్దాలు గడిచాయి. వాషింగ్టన్‌లో ఒక దుకాణంలో పనిచేస్తూ, తప్పిపోయిన ఒక పిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి సీగర్ అనే సంగీతజ్ఞుల కుటుంబానికి చెందింది. ఆ ఇంట్లోనే కాటన్ పనికి కుదిరింది. వాళ్ల ఇంటి గోడకు వేలాడే గిటారు తీసి ఒకనాడు వాయిస్తుంటే ఇంట్లోవాళ్లు విన్నారు. ఆ ఇంటి అబ్బాయి మైక్ సీగర్ టేపు రికార్డరు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లి పాటలు రికార్డు చేశాడు. 1958లో ఫోక్‌వేస్ అనే చిన్న స్వతంత్ర సంస్థ ఆ ఆల్బాన్ని విడుదల చేసింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. అంటే మన రిటైర్మెంటు వయసు దాటాక ఆమె సంగీత జీవితం మొదలైంది.

ఇక్కడే మన వాళ్లకు అర్థమయ్యే సంగతి వస్తుంది. ఆ ఆల్బం రాకముందే ఆమె పాట నోటిమాటగా ఇంగ్లండు చేరింది. అక్కడ ఇద్దరు దాన్ని తమ పేర్లమీద రిజిస్టరు చేయించుకున్నారు. 1957లో ఆ పాట అక్కడ బాగా ప్రచారమైంది. రాసిన మనిషేమో వాషింగ్టన్‌లో పరుల ఇంట్లో వంట చేస్తోంది. సీగర్ కుటుంబం సాయపడితే గాని ఆమె పేరు ఆమె పాటకు తిరిగి రాలేదు. 1985లో, తొంభయ్యో పడి వయసులో, ఆమెకు గ్రామీ పురస్కారం వచ్చింది. 1987లో కన్నుమూసింది.

పేరు అచ్చులో ఉంటే చాలదు కూడా. సన్ స్టూడియోలో 1954 జూలైలో ఎల్విస్ ప్రెస్లీ పాడిన మొదటి ప్రసిద్ధ పాట 'దట్స్ ఆల్ రైట్'. ఒక చెక్క గిటారు, ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక డబుల్ బేస్, అంతే. డోలు కూడా లేదు. దాన్ని కట్టి 1946లో పాడినవాడు ఆర్థర్ క్రుడప్ అనే బ్లూస్ గాయకుడు. రికార్డుమీద క్రుడప్ పేరు స్పష్టంగా అచ్చయింది. కానీ హక్కుల కాగితాలు ఆయన మేనేజరు చేతిలో ఉండిపోయాయి. పాట లక్షలమంది విన్నా ఆయన పొలంకూలీగానే బతికాడు. హక్కు కోసం ఏళ్లతరబడి పోరాడి 1974లో చనిపోయాడు. ఆ తర్వాతే చెప్పుకోదగ్గ మొత్తం వారసుల చేతికి అందింది. మనిషి పోయాక చేతికొచ్చే అరియర్స్ ఎలా ఉంటాయో ఈ సభలో ఎవరికీ వివరించనక్కర్లేదు.

తొమ్మిదో పాట లెక్క

ఈ కథ చెప్పాక మనవడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'జానపదం' కొట్టేసి ఎలిజబెత్ కాటన్ పేరు రాశాడు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా మళ్లీ పాడి రికార్డు వేసుకోవచ్చు. కానీ కాపీకి ఇంత అని పాట హక్కుదారుకు చెల్లించాలి. ఈ రేటు చరిత్ర వింటే మీకు నవ్వొస్తుంది. 1909 చట్టంలో పాటకు కాపీకి 2 సెంట్లు అని పెట్టారు. 1977 దాకా అదే 2 సెంట్లు! దాదాపు 70 ఏళ్లు నయాపైసా పెరగలేదు. తర్వాత కొద్దికొద్దిగా పెరిగి 2006లో 9.1 సెంట్లు అయింది. మళ్లీ 2022 చివరిదాకా కదల్లేదు. 2023లో 12 సెంట్లు చేసి, ఆపైన ధరల సూచీని బట్టి ఏటా సవరించే పద్ధతి పెట్టారు. అంటే పాటలకూ డి.ఏ. వచ్చిందన్నమాట! 2024లో రేటు 12.4 సెంట్లు. మా పిల్లలు వేసింది 300 సి.డి.లు. అంటే 37 డాలర్ల 20 సెంట్లు. ఇంటర్నెట్‌లో వినిపించే కంపెనీలు ఈ సొమ్మును అక్కడ వేరుగా, వాళ్లే చెల్లిస్తాయి.

"ముప్పై ఏడు డాలర్ల కోసం ఇంత హైరానా ఎందుకు తాతయ్యా?" అని హార్మోనికా కుర్రవాడు అడిగాడు. వాడూ నన్ను తాతయ్యా అనే పిలుస్తాడు. నేను నకారా కేసు గురించి చెప్పాను. 1982 డిసెంబరు 17న మన సుప్రీంకోర్టు, పెన్షను యజమాని దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చిచెప్పింది. అందుకే మనం ఆ రోజును పండుగలా జరుపుకుంటున్నాం. పాటకు వచ్చే రాయల్టీ కూడా అటువంటిదే. ఎప్పుడో చేసిన పనికి ముసలితనంలో అందే ప్రతిఫలం. ఒకరి పెన్షను ఆపి మనం సుఖపడగలమా అన్నాను. వాడు తలాడించాడు.

ఆ రాత్రే ముగ్గురి మధ్యా ఉన్న మరో చిక్కు బయటపడింది. ఒక పాటకు మాటలు మనవడివి. ప్రాణమంతా హార్మోనికా వరసలో ఉంది. పాట ఎవరిది? అప్పటిదాకా స్నేహం కొద్దీ ఎవరూ అడగలేదు. రాతమూలకంగా ఏమీ లేకపోతే, కలిసి రాసిన పాటలో అందరికీ సమాన వాటా అని అక్కడి చట్టం. మనవడు మాటలన్నీ తనవే కదా అన్నాడు. ఆ కుర్రవాడు ముఖం ముడుచుకున్నాడు. అమ్మాయి లేచి వెళ్లిపోబోయింది. అయిదు రోజుల కష్టం ఆ రాత్రి నీళ్లపాలయ్యేలా ఉంది. నేను తీర్పు చెప్పలేదు. ఒక కాగితానికి అడ్డంగా గళ్లు గీసి, పాట పేరు, మాటలు ఎవరివి, వరస ఎవరిది, ఎవరికి ఎంత శాతం అని శీర్షికలు రాసి వాళ్ల ముందు పెట్టి బయటికొచ్చి కూర్చున్నాను. రెండు గంటలు పట్టింది. ఆ పాట చెరి సగం అని రాసుకున్నారు. రెండు పాటల్లో అమ్మాయికి కూడా వాటా తేలింది. ముగ్గురూ సంతకాలు చేసి తలా ఒక ప్రతి ఉంచుకున్నారు. దాన్ని అక్కడ స్ప్లిట్ షీటు అంటారట.

ఇందులో రెండు వేరువేరు హక్కులున్నాయని గమనించండి. పాట కట్టినవాడి హక్కు ఒకటి. ఆ పాటను పాడి రికార్డు చేసిన ధ్వనిమీద హక్కు మరొకటి. స్థలం ఒకరిదీ, దానిమీద కట్టిన ఇల్లు మరొకరిదీ అయినట్టు. తొమ్మిదో పాటలో స్థలం కాటన్ పాట హక్కుదారులది, ఇల్లు మా పిల్లలది. ప్రతి రికార్డింగుకూ ఐ.ఎస్.ఆర్.సి. అని 12 అక్షరాలు, అంకెల నంబరు ఒకటిస్తారు. మన పి.పి.ఓ. నంబరు లాంటిది. ఆ నంబరుంటేనే ఎక్కడ మోగినా లెక్క ఫలానా పాటకు జమ అవుతుంది.

ఆల్బం 2024 సెప్టెంబరులో వచ్చింది. ఖర్చు ఎస్టిమేటుకు లోబడే జరిగింది. కంటింజెన్సీలో కొంత మిగిలింది కూడా. పెట్టిన డబ్బులో ఇప్పటికి సగం దాకా వచ్చిందని మనవడు చెప్పాడు. మిగతాది వస్తుందో రాదో తెలియదు. మనవడు ఉద్యోగం మానలేదు. మా అబ్బాయి ఆఫీసుకు వెళ్తూ కారులో ఆ పాటలు పెట్టుకుంటున్నాడని కోడలు ఫోనులో చెప్పింది. నాకు మాత్రం చెప్పలేదు!

మన ఇళ్లలో చేయవలసింది

చివరిగా రెండు మాటలు. మన పిల్లలు, మనవలు ఇప్పుడు ఇక్కడ కూడా పాటలు కడుతున్నారు, ఫోనుల్లో రికార్డు చేసి అందరికీ వినిపిస్తున్నారు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం పాట హక్కు రాసినవారి జీవితకాలమూ, ఆపైన మరి 60 ఏళ్లూ ఉంటుంది. 2012 సవరణతో పాట రాసినవారికి, వరస కట్టినవారికి రాయల్టీలో వాటా మరొకరికి రాసివ్వడానికి వీలులేని హక్కుగా వచ్చింది. వారసులకు గాని, హక్కుల సొసైటీకి గాని మాత్రమే ఇవ్వవచ్చు. ఈ సంగతి తెలియక అచ్చు ఫారాలమీద సంతకాలు పెట్టే పిల్లలు మన ఇళ్లలోనే ఉండవచ్చు. వాళ్ల సంగీతం మనకు నచ్చకపోవచ్చు. కాగితం చదవడం మాత్రం మనకు వచ్చు. అంత సాయం చేద్దాం.

రెండోది. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే మంగళహారతులు, జోలపాటలు, పొలం పాటలు ఉన్నాయి. వాటిలో కొన్ని వాళ్లే కట్టుకున్నవి. మనవల చేతిలో ఫోను ఉంది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, ఒక అడుగు దూరంలో ఫోను పెట్టి పాడించండి. కింద ఒక కాగితంమీద పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. సొంతంగా కట్టినదైతే ఆ మాట తప్పక రాయండి. 'జానపదం' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఎలిజబెత్ కాటన్ పాటకు జరిగింది అదే.

సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ పడకపోవడంవల్ల ఇంక్రిమెంటు పోగొట్టుకున్నవాళ్లను, పెన్షను కోసం ఏళ్లు తిరిగినవాళ్లను మనమందరం చూశాం. పనిచేసినవాడి పేరు పనితో పాటు కాగితంమీద ఉండాలి. పాటకైనా అంతే.

 భోజనాలకు ఆలస్యమవుతోందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.